ఆకు వాకిళ్లు

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున ఊరిబయట నిలిచిన వేపచెట్టును చూచినవారికి, లోకములో దానివంటి సోమరి మరియొకటి లేదని తోచవచ్చును. చీమ తన బరువునకు మించిన గింజను ఈడ్చుకొని పోవును. ఎద్దు నాగలి లాగును. పక్షి తన పిల్లలకు మేత తెచ్చును. చెట్టు మాత్రము పుట్టినచోటనే నిలిచి, గాలి వీచినపుడు ఆకులు కదల్చుచు, వీవనపుడు ఊరకుండును. కాని చీమ ఈడ్చు గింజయు, ఎద్దు మేయు గడ్డియు, పక్షి తెచ్చు పురుగు తిన్న పసరును, అన్నియు ఏదో యొక ఆకు చేసిన వంటయే. లోకమున అందరును ఎవరో యొకరు వండినదానిని తినువారే. తన కూడు తాను వండుకొని, పదిమందికి పెట్టునది పచ్చని ఆకు.

వంట చేయువానికి బియ్యము కావలెను, నీరు కావలెను, నిప్పు కావలెను. ఆకునకును మూడు వస్తువులు కావలెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువు దాని బియ్యము. వేళ్లు పంపు నీరు దాని ఎసరు. సూర్యుని వెలుతురు దాని నిప్పు. ఈ మూటిని కూర్చి ఆకు చక్కెరను తయారుచేయును. ఈ పనికి శాస్త్రజ్ఞులు కిరణజన్య సంయోగక్రియ యని పేరు పెట్టిరి. చెప్పుటకు ఇది సులభమే. కాని ఇందులో ఆకునకు ఒక గొప్ప చిక్కు కలదు. బియ్యము లోనికి వచ్చు వాకిలి యేదో, నీరు బయటికి పోవు వాకిలియు అదియే. తెరచినచో దప్పిక, మూసినచో ఆకలి. ఈ రెంటి నడుమ ప్రతి ఆకును ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు క్రుంకువరకు కాపురము చేయుచున్నది. ఆ కాపురపు తీరు తెలిసికొనదగినది.

చెట్టు దేనిని తిని పెరుగునను ప్రశ్న మిక్కిలి పాతది. మన్నును తిని పెరుగునని పూర్వులు చాలమంది తలచిరి. బ్రస్సెల్సు నగరపు వైద్యుడు వాన్ హెల్మాంటు ఈ మాటను తూచి చూడదలచెను. ఒక తొట్టిలో 200 పౌనుల ఎండుమన్ను పోసి, అందు 5 పౌనుల విల్లో మొక్కను నాటి, ఐదేండ్లు నీరు మాత్రమే పోయుచు వచ్చెను. ఐదేండ్ల పిదప చెట్టు 169 పౌనులు తూగెను. మన్నును మరల ఎండబెట్టి తూచగా సుమారు రెండు ఔన్సులు మాత్రమే తగ్గియుండెను. ఆయన మరణానంతరము 1648వ సంవత్సరమున అచ్చయిన గ్రంథమున ఈ ప్రయోగము కలదు. చెట్టు బరువు మన్నునుండి రాలేదని దీనివలన తేలినది. అయితే నీరే చెట్టుగా మారినదని హెల్మాంటు నిర్ణయించెను. మన్నును తూచెను, చెట్టును తూచెను. చుట్టునున్న గాలి సంగతి ఆయన లెక్కకు రాలేదు.

గాలి సంగతిని బయటపెట్టినవాడు ఇంగ్లండు దేశపు జోసెఫ్ ప్రీస్ట్లీ. మూసిన గాజుపాత్రలో కొవ్వొత్తి కొంతసేపు వెలిగి ఆరిపోవును. ఆ చెడిన గాలిలో ఎలుకయు బ్రతుకజాలదు. 1771వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఆయన అట్టి గాలిలో ఒక పుదీనా కొమ్మను ఉంచెను. పది దినముల తరువాత అదే గాలిలో మరియొక కొవ్వొత్తి చక్కగా వెలిగెను. ప్రాణులు చెరచిన గాలిని మొక్క బాగుచేయునని ఆయన గ్రహించెను. కాని కొన్ని పర్యాయములు ఈ ప్రయోగము ఫలించెడిది, కొన్ని పర్యాయములు ఫలించెడిది కాదు. కారణమేమో ఆయనకు అంతుపట్టలేదు.

ఆ కారణమును 1779వ సంవత్సరమున ఇంజెన్‌హౌజ్ అను డచ్చి వైద్యుడు కనిపెట్టెను. ఆయన ఆ వేసవిలో లండను సమీపమున ఒక ఇంట నుండి, 500లకు పైగా ప్రయోగములు చేసెను. మొక్క గాలిని బాగుచేయుటకు వెలుతురు కావలెననియు, అందును పచ్చని భాగములు మాత్రమే ఆ పని చేయుననియు, చీకటిలో మొక్కయు జంతువువలె గాలిని చెరచుననియు ఆయన తెలిపెను. పిదప జెనీవా నగరవాసి సెనెబియే 1782వ సంవత్సరమున బొగ్గుపులుసు వాయువు యొక్క అవసరమును చూపెను. అదే నగరమునకు చెందిన డి సోస్యూరు 1804వ సంవత్సరమున నీరును ఆ ఆహారములో చేరుచున్నదని తూకముతో నిరూపించెను. ఇట్లు చెట్టు తిను బియ్యము, ఎసరు, నిప్పు మూడును తెలియుటకు నూటయేబది సంవత్సరములకు పైగా పట్టినది.

ఇక ఆకు కట్టడమును చూడవలెను. ఆకు పైన, క్రింద ఒక్కొక్క పలుచని చర్మముండును. ఆ చర్మముపై మైనమువంటి పూత కలదు. వాన చినుకు ఆకుమీద జారిపోవుట ఈ పూతవలననే. నీరు ఎట్లు సులభముగా దాటలేదో, బొగ్గుపులుసు వాయువును ఆ పూతను అట్లే సులభముగా దాటలేదు. రెండు చర్మముల నడుమ మెత్తని కణములు కలవు. కణమనగా ప్రాణుల శరీరమునకు ఇటుకవంటి చిన్న గది. ఆ గదులలో హరితరేణువులను పచ్చని పొట్లములుండును. వానికి రంగు నిచ్చు పదార్థము పత్రహరితము. క్రింది వరుసలోని కణములు ఒకదానికొకటి అంటక ఎడముగా నుండి, నడుమ గాలి తిరుగు సందులను విడుచును. ఈనెలు ఇంటిలోని కొళాయి గొట్టములవలె ఈ గదుల చెంతకు నీరు తెచ్చును; వండిన చక్కెరను మోసికొని పోవును.

గోడలన్నియు మూసియున్న ఈ ఇంటికి గాలి వచ్చుటకు ప్రకృతి చిన్న చిన్న వాకిళ్లు పెట్టినది. వానికి పత్రరంధ్రములని పేరు. తరచుగా ఇవి నీడపట్టున, అనగా ఆకు అడుగువైపున, ఎక్కువగా నుండును. నీటిపై తేలు తామరాకునకును కలువాకునకును అడుగున నీరే గాని గాలి లేదు. కావున వాని వాకిళ్లు పైవైపున నున్నవి. నీటిలో పూర్తిగా మునిగియుండు మొక్కలకు వాకిళ్లతో పనియే లేదు. గన్నేరాకు అడుగున చిన్న గుంటలు ఉండును. ఆ గుంటలలో నూగు ఉండును. ఆ నూగు చాటున వాకిళ్లుండును. వేడిగాలి నేరుగా తగులకుండుటకే ఈ ఏర్పాటు.

ఈ వాకిళ్లు ఎంత చిన్నవో, సంఖ్యలో అంత ఎక్కువ. ఒక్కొక్కటి బాగుగా తెరచినపుడు సుమారు మిల్లీమీటరులో నూరవవంతు వెడల్పుండును. అనేక మొక్కలలో ఒక చదరపు మిల్లీమీటరు ఆకుచర్మముపై నూరు మొదలు మూడు వందల వరకు ఉండును. అన్నియు తెరచియున్నను, వాని విస్తీర్ణమంతయు కలిపి ఆకు విస్తీర్ణములో నూటికి రెండు మూడు వంతులకు మించదు. అయినను వానిగుండా గాలి ఆశ్చర్యము గొలుపునంత వేగముగా పోవుచు వచ్చుచుండును. బ్రౌను, ఎస్కోంబు అను ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 1900వ సంవత్సరమున దీనికి కారణము చూపిరి. ఒకే పెద్ద కన్నముకన్న, అంతే విస్తీర్ణముగల అనేకములైన చిన్న కన్నములు వాయువును ఎక్కువగా పోనిచ్చును. పెద్ద ద్వారమున నడిమి గుంపు అంచులకు రాలేక నిలిచిపోవును. చిన్న ద్వారమున అందరును అంచుననే యుందురు.

వాకిలి దాటి లోనికి వచ్చిన బొగ్గుపులుసు వాయువు తడిసిన కణముల గోడలలో కరగి, హరితరేణువులను చేరును. అచట రెండు అంచెలుగా పని జరుగును. మొదటి అంచెలో పత్రహరితము వెలుతురును పట్టి, ఆ బలముతో నీటిని విడగొట్టును. నీటిలోని ప్రాణవాయువు వేరై, వచ్చిన వాకిలినుండియే బయటికి పోవును. ఈ ప్రాణవాయువు బొగ్గుపులుసు వాయువునుండి వచ్చుచున్నదని చాలకాలము పలువురు నమ్మిరి. 1941వ సంవత్సరమున కాలిఫోర్నియాలో రూబెన్, కామెన్ మొదలగువారు బరువైన ప్రాణవాయువుగల నీటిని మొక్కజాతి జీవులకు ఇచ్చి, బయటికి వచ్చు ప్రాణవాయువు నీటిదేయని చూపిరి. మనుష్యుడు పీల్చు ఊపిరి ఒకప్పుడు ఏదో యొక మొక్క త్రాగిన నీటిలో నుండినదే.

రెండవ అంచెలో, వెలుతురువలన సంపాదించిన బలముతో ఆకు బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చును. దీనిలోని మెట్లను కాల్విన్, బెన్సన్, బాషం అను అమెరికా శాస్త్రజ్ఞులు నాచుజాతి జీవులపై ప్రయోగములు చేసి కనుగొనిరి. అందుకు కాల్విన్ 1961వ సంవత్సరమున నోబెల్ బహుమానమును పొందెను. ఆ చక్కెర కొంత పిండిపదార్థముగా నిలువయగును. కొంత కలప యగును. కొంత మామిడిపండులోని తీపి యగును. కొంత వరికంకిలోని గింజ యగును.

ఇచట ఒక అపోహను తొలగింపవలెను. చెట్లు పగలు ప్రాణవాయువును, రాత్రి బొగ్గుపులుసు వాయువును విడుచుననియు, అందుచే రాత్రి చెట్టుక్రింద పరుండిన ప్రాణహాని యనియు కొందరు చెప్పుదురు. రావిచెట్టు మాత్రము రేయింబవళ్లు ప్రాణవాయువునే ఇచ్చునని మరికొందరు చెప్పుదురు. ఆకు కూడ ప్రాణియే. కావున పగలును రాత్రియు ఊపిరి విడుచుచునే యుండును. పగలు వంట ఎక్కువగుటచే ఆ ఊపిరి కనబడదు. రాత్రి వెలుతురు లేదు గనుక నీరు విడిపోదు. నీరు విడిపోనిదే ప్రాణవాయువు పుట్టదు. ఈ నియమమునకు రావిచెట్టును లోబడినదే. అయితే ఆకులు రాత్రి విడుచు బొగ్గుపులుసు వాయువు బహు స్వల్పము. ఆరుబయట గాలిలో అది వెంటనే కలిసిపోవును. దానివలన భయపడనక్కరలేదు.

ఇక ఆకునకు గల చిక్కును వివరింపవచ్చును. గాలిలో పదివేల పాళ్లకు నాలుగు పాళ్లు మాత్రమే బొగ్గుపులుసు వాయువు కలదు. ఆకు లోపలి గాలి ఎల్లప్పుడు తడిగా నుండును. 30 డిగ్రీల వేడిమివద్ద ఆ తడిగాలిలో పదివేల పాళ్లకు నాలుగు వందలకు పైగా నీటియావిరి యుండును. వాకిలి తెరచినంతనే, కొద్దిగా నున్న బొగ్గుపులుసు వాయువు మెల్లగా లోనికి వచ్చును. సమృద్ధిగా నున్న నీటియావిరి బయటి పొడిగాలిలోనికి వడిగా పోవును. ఒక్క బొగ్గుపులుసు వాయువు అణువును సంపాదించుటకు అనేక మొక్కలు కొన్ని వందల నీటి అణువులను చెల్లించును. వేళ్లు త్రాగిన నీటిలో నూటికి తొంబది వంతులకు మించి ఈ విధముగనే ఆవిరియై పోవును. దీనికి బాష్పోత్సేకమని పేరు. ఇది వట్టి నష్టము కాదు. దానివలన ఆకు చల్లబడును. వేళ్లనుండి నీరును, నీటిలో కరగిన లవణములును పైకి ఎక్కును. అయినను నేలలో తడి తరిగినపుడు ఈ ఖర్చు ప్రాణముమీదికి వచ్చును.

కావుననే ప్రతి వాకిలికిని ఇద్దరు ద్వారపాలకులు కలరు. వీరికి రక్షకకణములని పేరు. చిక్కుడు, మామిడి వంటి మొక్కలలో ఈ రెండు కణములును రెండు చిక్కుడుగింజలు ఎదురెదురుగా పెట్టినట్లుండును. వాని నడిమి సందే వాకిలి. ఈ కణముల గోడలు అంతట ఒకే తీరున ఉండవు. సందువైపు గోడ మందము. దానికి తోడు గోడలోని నారలు కణమునకు చుట్టు కట్టిన కట్లవలె నుండును. కణము నీటితో ఉబ్బినపుడు ఆ కట్లచే లావు కాజాలక, పొడవు పెరిగి విల్లువలె వంగును. రెండును వంగగా నడుమ సందు తెరచుకొనును. నీరు తగ్గి సడలినపుడు విల్లు విప్పినట్లై సందు మూసికొనును. తలుపు లేదు, గొళ్లెము లేదు. నీటి బింకమే తలుపు.

ఈ బింకమును కలిగించునదెవరు? తెల్లవారి వెలుతురు, అందును దానిలోని నీలికిరణములు, తగిలినపుడు రక్షకకణములు ఇరుగుపొరుగు కణములనుండి పొటాసియము లవణమును లోనికి తీసికొనును. ఉప్పు వేసిన దోసకాయముక్కలనుండి నీరు ఊరి ఉప్పును చేరినట్లు, ఈ లవణమును వెంబడించి నీరు లోనికి వచ్చును. కణములు ఉబ్బును, వాకిళ్లు తెరచుకొనును. ఆకులోపల బొగ్గుపులుసు వాయువు తరిగినచో వాకిళ్లు మరింత తెరచుకొనును, పేరుకొన్నచో దగ్గరపడును. సాయంకాలము వెలుతురు తగ్గగా లవణమును నీరును వెనుకకు పోవును; వాకిళ్లు మూసికొనును.

నేల ఎండినపుడు మరియొక వార్త వచ్చును. నీరు చాలని మొక్కలో అబ్సిసిక్ ఆమ్లమను పదార్థము పుట్టి పెరుగును. 1960 దశకమున శాస్త్రజ్ఞులు దీనిని గుర్తించిరి. ఇది రక్షకకణములను చేరినంతనే, వానిలోని లవణము బయటికి పోవును; కణములు సడలును; పట్టపగలు ఎండ కాయుచున్నను వాకిళ్లు మూసికొనును. వెలుతురు తెరువుమనును; దప్పిక మూయుమనును. దప్పిక మాటయే చెల్లును. ఏలయన ఒక పూట పస్తున్నను ఆకు మరునాడు వండుకొనగలదు. ఎండిపోయిన ఆకునకు మరునాడు లేదు.

అందుచే మండువేసవి మధ్యాహ్నమున, నిప్పు దండిగా నున్నపుడే, అనేక మొక్కల వంట మందగించును. అంతేకాదు, వాకిళ్లు మూసిన ఇంటిలో బొగ్గుపులుసు వాయువు తరిగి, ప్రాణవాయువు మిగులును. బొగ్గుపులుసు వాయువును పట్టి వంటకు అందించు రూబిస్కో యను మాంసకృత్తు అట్టి సమయమున పొరపడి ప్రాణవాయువును పట్టుకొనును. అప్పుడు చేసిన పనిలో కొంత వృథాయగును. వరి, గోధుమ, వేరుసెనగ, ప్రత్తి, కంది ఈ నష్టమునకు లోనగు పైరులు.

కొన్ని మొక్కలు ఈ నష్టమును తప్పించుకొను ఉపాయమును కలిగియున్నవి. జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ, మొక్కజొన్న, చెరకు ఈ తెగకు చెందినవి. వీని ఆకులలో బయటి వరుస కణములు బొగ్గుపులుసు వాయువును మొదట ఒక ఆమ్లముగా పట్టి, ఈనెల చుట్టునున్న లోపలి గదులకు అందించును. అచట అది మరల విడివడి గుమిగూడుటచే రూబిస్కో పొరపడుటకు అవకాశముండదు. వాకిలిని ఓరగా తెరచినను వంటకు లోటు రాదు. చెరకుపై హవాయి దీవులలో జరిగిన పరిశీలనల ననుసరించి, ఆస్ట్రేలియాలోని హాచ్, స్లాక్ అను శాస్త్రజ్ఞులు 1966వ సంవత్సరమున ఈ మార్గమును వివరించిరి. రాయలసీమలోను తెలంగాణములోను చెరువునీరు అందని మెట్టపొలములలో రైతులు తరతరములుగా జొన్నను, సజ్జను, కొఱ్ఱను నమ్ముకొనుటకు ఈ పొదుపును ఒక కారణము. ఆకులోపల ఏమి జరుగుచున్నదో వారికి ఎవ్వరును చెప్పలేదు. కాని ఏ పైరు దప్పికకు ఓర్చునో వారు అనుభవముచే ఎరిగియుండిరి.

ఎడారి మొక్కల ఉపాయము మరియొక విధము. నాగజెముడు, అనాస వంటివి పగలు వాకిళ్లు మూసి, చల్లని రాత్రివేళ తెరచును. రాత్రి వచ్చిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లముగా నిలువచేసి, తెల్లవారిన పిదప వాకిళ్లు మూసికొని, ఆ నిలువతో వంట చేసికొనును. ఈ రహస్యపు జాడను నాలుకతో పట్టినవాడొకడు కలడు. అతడు బెంజమిన్ హైనే అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు. తూర్పు ఇండియా కంపెనీవారి కొలువులో అతడు కొంతకాలము సామర్లకోట తోటను చూచెను. రణపాలాకు తెల్లవారుజామున చుక్కకూరవలె పుల్లగా నుండి, మధ్యాహ్నమునకు రుచి లేనిదగుచున్నదని అతడు గమనించెను. ఆ సంగతి 1815వ సంవత్సరమున లండనులోని లిన్నేయసు సంఘమువారి సంచికలో అచ్చయినది. రాత్రి నిలువచేసిన ఆమ్లము పగలు ఖర్చగుటయే ఆ రుచిభేదమునకు కారణమని శాస్త్రజ్ఞులు తరువాత తెలిసికొనిరి. పెరటి మొక్కను శ్రద్ధగా చూచుటయును శాస్త్రమే యని హైనే కథ తెలుపుచున్నది.

ఆకు పనిని కన్నులార చూచుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. ఆకు అడుగున గోళ్లరంగును పలుచగా పూసి, ఆరిన పిదప ఆ పొరను మెల్లగా ఒలిచి సూక్ష్మదర్శినిలో చూచినచో వాకిళ్ల అచ్చులు కనబడును. ఆకులున్న రెమ్మకు పొడి ప్లాస్టికు సంచిని తొడిగి కట్టి ఎండలో ఉంచినచో, కొంతసేపటికి సంచిలోపల నీటిబిందువులు నిలుచును. తొట్టిమొక్కను రెండు దినములు చీకటిలో ఉంచి, ఒక ఆకులో కొంతభాగమును నల్లకాగితముతో కప్పి, మరల ఎండలో పెట్టవలెను. సాయంకాలము ఉపాధ్యాయుని సమక్షమున ఆ ఆకును వేడినీటిలో నుంచిన స్పిరిటులో ఉడికించి, రంగుపోయిన పిదప అయోడిను వేసినచో, ఎండ తగిలిన భాగము నల్లని నీలిరంగు పొందును. కప్పిన భాగము పొందదు. పిండిపదార్థము ఎచట పుట్టినదో ఆకే వ్రాసి చూపును. చెరువులో పెరుగు హైడ్రిల్లా మొక్కను గాజుపాత్రలోని నీటిలో ముంచి ఎండలో నుంచినచో బుడగలు వరుసగా పైకి వచ్చును. జగదీశచంద్ర బోసు ఈ మొక్కను తీసికొని, అది విడుచు ప్రాణవాయువును తనంతట తానే గుర్తువేయు యంత్రమును నిర్మించి, తన పరిశోధనలను 1924వ సంవత్సరమున గ్రంథముగా ప్రకటించెను.

చిన్న ఆకు చేయు పని కలిసి ఎంత పెద్దదగునో తెలియుటకు హవాయిలోని మౌనా లోవా కొండను చూడవలెను. అచట 1958వ సంవత్సరమునుండి కీలింగు అను శాస్త్రజ్ఞుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొలువ నారంభించెను. ప్రతి సంవత్సరమును ఉత్తరార్ధగోళమున ఆకులు దట్టముగా నున్న వేసవి నెలలలో ఆ వాయువు కొంత తగ్గుచున్నది; ఆకులు రాలిన చలికాలమున మరల పెరుగుచున్నది. భూమి సంవత్సరమునకొక మారు ఊపిరి తీసి విడుచుచున్నట్లు ఆ రేఖ కనబడును. అయితే ఆ రేఖ ఏటికేడు పైకే పోవుచున్నది. 1958లో పదిలక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లున్న ఆ వాయువు, నేడు 420 పాళ్లను దాటినది. మనుష్యులు కాల్చు బొగ్గు, చమురు ఇందుకు ముఖ్యకారణములు.

ఈ మార్పును ఆకులు ఎరుగకపోలేదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రెండు వందల ఏండ్లుగా భద్రపరచిన ఎండుటాకులను వుడ్‌వర్డు అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి, వానిపైనున్న వాకిళ్లను లెక్కపెట్టెను. పాత ఆకులతో పోల్చగా ఆనాటి ఆకులలో వాకిళ్లు నూటికి 40 వంతులు తక్కువయని 1987వ సంవత్సరమున ప్రకటించెను. బియ్యము సమృద్ధిగా దొరకునపుడు వాకిళ్లు తక్కువైనను చాలును, నీరును మిగులును. దీనినిబట్టి బొగ్గుపులుసు వాయువు పెరుగుట మేలని తలపరాదు. ఆ వాయువుతో వేడిమియు పెరుగును. వేడిమి పెరిగినకొలది గాలికి దాహము పెరిగి, ఆకునుండి మరింత నీటిని లాగును. ఒక చేత ఇచ్చినదానిని మరియొక చేత లాగికొనినట్లగును.

ఆకు బుద్ధి గలదని చెప్పరాదు. దానికి మెదడు లేదు, నాలుక లేదు. అయినను అది వాకిలిని మూసి ఆస్తిని కాపాడుకొను లోభివలె లేదు. బార్లా తెరచి ఉన్నదంతయు పోగొట్టుకొను దుబారామనిషివలెను లేదు. వెలుతురును చూచి తెరచును. తడిని చూచి మూయును. ఉన్నదానిలో కొంత ఖర్చు చేసి, అక్కరకు కొంత మిగుల్చుకొని, తాను బ్రతికి పదిమందిని బ్రతికించుచున్నది. నీరు లేక వాడిన పైరును చూచినపుడు అది దప్పిగొన్నదని అందరును తెలిసికొందురు. దప్పికతోపాటు అది ఆకలితోను ఉన్నదని తెలిసినవాడు, నీరు పెట్టుటలో ఆలస్యము చేయడు. ఉన్న నీటిని వృథాగా పారనీయడు.

విస్తరిలో ఒక మెతుకు మిగిల్చి లేచువాడు దాని వెల ఎరుగడు. ఆ మెతుకులోని బొగ్గు అంతయు ఒక్కొక్క అణువుగా వరియాకు వాకిలినుండి లోనికి వచ్చినది. ప్రతి అణువునకును ఆ ఆకు వందల నీటి అణువులను చెల్లించినది. ఆ నీటిని వేరు మన్నులో వెదకి తెచ్చినది. రైతు కాలువనుండి మలిపినది. అన్నమును పారవేయువాడు అన్నమును మాత్రమే పారవేయుట లేదు. ఒక పైరు దినదినము ఆకలిని దప్పికను తూచుకొనుచు చేసిన కాపురమునెల్ల పారవేయుచున్నాడు.